పెరట్లో పాత జీపు

నర్సీపట్నం దాటి చింతపల్లి వైపు వెళితే కొండదారి వస్తుంది. మలుపు మీద మలుపు తిరగాలి. లంబసింగి చలి ఆ దారిలోనే తగులుతుంది. బస్సులు తక్కువగా ఉన్న రోజుల్లో ఆ దారిలో మనుషులను మోసింది జీపులే. పసుపు, మిరియాలు, చింతపండు బస్తాలను మోసింది కూడా జీపులే. సంత రోజున ఒక్కో జీపుకి ఎంతమంది వేలాడేవారో లెక్కపెట్టడం కష్టం.

ఇప్పుడు ఆ జీపులు చాలావరకు పోయాయి. కొన్ని మాత్రం పెరళ్ళలో, చింతచెట్ల కింద, కోళ్ళకు గూళ్ళై మిగిలాయి.

అలాంటి జీపు ఒకటి ఒక ఇంటి పెరట్లో ఉందనుకుందాం. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళు ఉన్నారు. మామగారు ఆ జీపుని చాలా ఏళ్ళు నడిపాడు. ఆయన పోయి రెండు నెలలైంది. జీపు కదలక ఎన్నో ఏళ్ళైంది.

ఒకరోజు పాత ఇనుము కొనే మనిషి వచ్చాడు. జీపు చుట్టూ తిరిగి చూశాడు.

"ఇంజను పోయింది మామ్మా. లోపల ఏం లేదు. కిలోల లెక్కన తూచి తీసుకుంటాను. ఇప్పుడే డబ్బులిస్తాను" అన్నాడు.

అత్తకి డబ్బు అవసరం ఉంది. ఆమె సరే అనబోయింది. కోడలు ఆపింది. ఆమె రాత్రి బడిలో చదవడం, రాయడం, లెక్కలు నేర్చుకుంది.

"అత్తా, ఏ సరుకో తెలియకుండా ధర ఎలాగ చెప్తాం? బియ్యమైనా ఏ రకమో చూసే కదా బేరం ఆడతాం" అంది.

"ఇంజను సంగతి మనకేటి తెలుసే?" అంది అత్త.

"తెలుసుకుందాం. రేపు రా బాబూ" అని కోడలు ఆ మనిషిని పంపేసింది.

జీపు ఎక్కడి నుంచి వచ్చింది?

జీపు పుట్టిల్లు అమెరికా. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యానికి చిన్న బండి కావలసి వచ్చింది. బురదలో, కొండల మీద, రోడ్డు లేని చోట వెళ్ళగలగాలి. విల్లీస్ అనే కంపెనీ, ఫోర్డు కంపెనీ కలిపి 1941 నుంచి 1945 వరకు 6 లక్షలకు పైగా జీపులు చేశాయి. విల్లీస్ కంపెనీ ఒహాయో రాష్ట్రంలోని టొలీడో అనే ఊళ్ళో ఉండేది. ఫోర్డు చేసిన జీపులో కూడా ఇంజను విల్లీస్ రకమే.

యుద్ధం అయిపోయాక సైన్యం వదిలేసిన జీపులు కొన్ని మన దేశంలో మిగిలాయి. వాటిని జనం కొనుక్కున్నారు. 1947లో బొంబాయిలో మహీంద్రా కంపెనీ విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టింది. విడి భాగాలు అమెరికా నుంచి వచ్చేవి. తరవాత తరవాత భాగాలు ఇక్కడే తయారయ్యాయి.

అంటే పెరట్లో ఉన్న పాత జీపు యుద్ధకాలం నాటిది కావచ్చు. మన దేశంలో బిగించింది కావచ్చు. పైకి పాత జీపులా ఉండి, లోపల ఇంజను మార్చింది కూడా కావచ్చు. తేల్చుకోవాలంటే ఇంజను చూడాలి.

ఇంజను లోపల ఏముంది?

మర్నాడు కోడలు ఊళ్ళోని మెకానిక్ కుర్రాడిని పిలిచింది. అతను వరసకు తమ్ముడు అవుతాడు. అతను బానెట్టు ఎత్తాడు.

"ఇది ఎలా పనిచేస్తుందో ముందు చెప్పు తమ్ముడూ" అంది కోడలు.

"జంతికల గొట్టం ఉంది కదా అక్కా, అలాంటిదే" అన్నాడు అతను.

జంతికల గొట్టంలో పిండి పెడతాం. పైనుంచి కడ్డీతో నొక్కుతాం. పిండి కింద చిల్లుల్లోంచి బయటికి వస్తుంది. ఇంజనులో గొట్టాన్ని సిలిండరు అంటారు. నొక్కే కడ్డీని పిస్టను అంటారు. పిండికి బదులు అక్కడ గాలి, పెట్రోలు ఆవిరి ఉంటాయి. చిల్లులకు తలుపులు ఉంటాయి. ఆ తలుపులే వాల్వులు.

ఇంజను నాలుగు పనులు చేస్తుంది. మొదట గాలిని, పెట్రోలు ఆవిరిని పీలుస్తుంది. రెండోది, తలుపులు మూసి నొక్కుతుంది. మూడోది, ప్లగ్గు నిప్పురవ్వ వేస్తుంది, ఆవిరి మండుతుంది. ఆ మంట పిస్టనుని కిందికి తన్నుతుంది. ఆ తన్నుతోనే బండి నడుస్తుంది. నాలుగోది, పొగని బయటికి వదులుతుంది. మళ్ళీ మొదటికి వస్తుంది.

పాత జీపులో ఇలాంటి సిలిండర్లు నాలుగు.

ఎన్ని సోలలు ఒక సోలలోకి?

నొక్కడం ఎందుకు? గట్టిగా నొక్కిన ఆవిరి మండితే తన్ను గట్టిగా ఉంటుంది. వదులుగా ఉన్నది మండితే తన్ను నీరసంగా ఉంటుంది.

ఎంత నొక్కుతుందో చెప్పడానికి ఒక లెక్క ఉంది. పిస్టను అడుగున ఉన్నప్పుడు గొట్టంలో ఆరున్నర సోలల చోటు ఉందనుకుందాం. పిస్టను పైకి వచ్చాక పైన ఒక్క సోల చోటే మిగిలింది. అంటే ఆరున్నర సోలల ఆవిరిని ఒక్క సోలలోకి అదిమింది. ఈ లెక్కని మెకానిక్ షెడ్డుల్లో కంప్రెషన్ రేషియో అంటారు. తెలుగు పుస్తకాల్లో సంపీడన నిష్పత్తి అని రాస్తారు. ఇక్కడ అది ఆరున్నరకి ఒకటి.

ఒక్కో రకం ఇంజనుకి ఈ లెక్క ఒక్కో రకంగా ఉంటుంది. అందుకే ఇంజనుని గుర్తుపట్టడానికి ఇది పనికొస్తుంది.

యుద్ధకాలం జీపు ఇంజనుకి గో డెవిల్ అని పేరు. దాని లెక్క 6.48కి ఒకటి. ఇంచుమించు ఆరున్నర. దాని బలం 60 గుర్రాల బలం అని కంపెనీ చెప్పింది. తరవాత విల్లీస్ కంపెనీ హరికేన్ అనే ఇంజను చేసింది. దాని లెక్క మామూలుగా 6.9కి ఒకటి. 7.4కి ఒకటి ఉన్నవి కూడా చేశారు. బలం 70 గుర్రాలు దాటింది. మన దేశంలో చాలా ఏళ్ళు తయారైన పెట్రోలు జీపుల్లో ఈ హరికేన్ రకమే ఉండేది.

డీజిలు ఇంజను వేరు. దానికి నిప్పురవ్వ అక్కర్లేదు. గాలిని 15 నుంచి 22 రెట్లు నొక్కుతుంది. సైకిలు పంపు గబగబా కొడితే గొట్టం వేడెక్కడం అందరూ చూసిందే. గాలిని నొక్కితే వేడి పుడుతుంది. అంత గట్టిగా నొక్కితే డీజిలు తనంతట తనే అంటుకుంటుంది.

చూసి గుర్తుపట్టడం

మెకానిక్ తమ్ముడు గుడ్డతో ఇంజను మీద దుమ్ము తుడిచాడు. ఒక్కొక్కటే చూపించాడు.

మొదటిది ప్లగ్గులు. పైన నాలుగు ప్లగ్గులు, వాటికి నల్ల వైర్లు ఉంటే పెట్రోలు ఇంజను. ప్లగ్గులు లేకుండా నాలుగు సన్నని ఇనప గొట్టాలు ఒక పంపులోంచి వచ్చి హెడ్డుకి బిగించి ఉంటే డీజిలు. చాలామంది ఖర్చు తగ్గుతుందని పెట్రోలు జీపులకు డీజిలు ఇంజన్లు వేయించుకున్నారు.

ఈ జీపుకి నాలుగు ప్లగ్గులున్నాయి. పెట్రోలే.

రెండోది హెడ్డు. హెడ్డు అంటే సిలిండర్ల మీద మూత. గో డెవిల్ ఇంజనులో వాల్వులన్నీ పక్కన, కింద ఉంటాయి. అందుకని పైన మూత బల్లపరుపుగా ఉంటుంది. పెనం బోర్లించినట్టు ఉంటుంది. హరికేన్ ఇంజనులో గాలి పీల్చే వాల్వులు పైన ఉంటాయి. వాటి మీద రేకు డబ్బా లాంటి మూత ఒకటి నిలువుగా లేస్తుంది. ఆ ఇంజను ఎత్తు ఎక్కువ. అందుకే హరికేన్ పట్టడానికి జీపు బానెట్టు ఎత్తు పెంచారు. పాత జీపు బానెట్టు పొట్టి. తరవాతి జీపు బానెట్టు పొడుగు.

ఈ జీపు బానెట్టు పొట్టిగా ఉంది. మూత బల్లపరుపుగా ఉంది.

"అయితే ఇది పాతదేనా?" అంది అత్త. ఆమె కూడా దగ్గరికి వచ్చి నిలబడింది.

"చూపుకి అలాగే ఉంది పిన్నీ. కొలిచి చూద్దాం" అన్నాడు తమ్ముడు.

కొలిచి గుర్తుపట్టడం

ఏళ్ళ తరబడి నిలబడిన ఇంజనుని ఒక్కసారిగా తిప్పకూడదు. తుప్పు పట్టిన రింగులు విరుగుతాయి. అందుకని అతను ప్లగ్గులు ఊడదీసి, నాలుగు కన్నాల్లోనూ కొంచెం నూనె పోసి వదిలేశాడు. మూడు రోజుల తరవాత ముందు హ్యాండిలు పెట్టి మెల్లగా తిప్పాడు. మొదట బిర్రుగా ఉంది. తరవాత తిరిగింది.

ఇప్పుడు లెక్క. మెకానిక్ పుస్తకంలో రెండు కొలతలున్నాయి. సిలిండరు అడ్డం 79.4 మిల్లీమీటర్లు. అంటే 7.94 సెంటీమీటర్లు. పిస్టను ఎక్కి దిగే దూరం 11.11 సెంటీమీటర్లు. కోడలు నోటు పుస్తకంలో లెక్క వేసింది.

7.94లో సగం 3.97.
3.97ని 3.97తో గుణిస్తే 15.76.
దాన్ని 3.14తో గుణిస్తే ఇంచుమించు 49.5.
దాన్ని 11.11తో గుణిస్తే 550.

అంటే పిస్టను ఒకసారి ఊడ్చే చోటు 550 మిల్లీలీటర్లు. అరలీటరు పాల ప్యాకెట్టు కన్నా కొంచెం ఎక్కువ. నాలుగు సిలిండర్లకీ కలిపి 2,200 మిల్లీలీటర్లు. బండి కాగితాల్లో సీసీ అని రాసేది ఇదే. ఒక సీసీ అంటే ఒక మిల్లీలీటరే.

ఇక పైన మిగిలే చోటు తెలియాలి. పిస్టనుని పూర్తిగా పైకి తెచ్చారు. రెండు వాల్వులూ మూసి ఉండేలా చూశారు. తమ్ముడు గీతలున్న సిరంజితో ప్లగ్గు కన్నంలోంచి నూనె పోశాడు. గాలి బుడగలు మిగిలితే లెక్క తప్పుతుంది. రింగులు అరిగితే నూనె కిందికి కారిపోతుంది. అందుకని గబగబా పోయాలి, రెండు మూడు సార్లు చూడాలి. ప్లగ్గు మరల్లో పట్టే నూనెని తీసేయాలి. కోడలు పక్కనే కూర్చుని ఎన్ని సిరంజీలో గీతలు గీసింది.

చివరికి ఇంచుమించు 100 మిల్లీలీటర్లు తేలింది.

కింద 550, పైన 100. రెండూ కలిపితే 650. 650ని 100తో భాగిస్తే ఆరున్నర.

పుస్తకంలో గో డెవిల్ లెక్క 6.48. చూపుకి కనిపించింది, కొలతకి తేలింది ఒక్కటే అయింది.

పైన చోటు 93 మిల్లీలీటర్లు వచ్చి ఉంటే? 643ని 93తో భాగిస్తే 6.9 వస్తుంది. అది హరికేన్ లెక్క. కానీ ఒక్క కొలత చూసి నమ్మేయకూడదు. కొందరు హెడ్డు వంకర పోయిందని అడుగు చెక్కిస్తారు. అప్పుడు పైన చోటు తగ్గుతుంది. 100 ఉన్నది 90 అయితే లెక్క 7.1కి పెరుగుతుంది. ఇంజను అదే, లెక్క మారుతుంది. అందుకే చూపు, కొలత, నంబరు మూడూ కలవాలి.

లెక్క మరీ పెంచితే చిక్కే. ఆవిరి వేళ కాని వేళ అంటుకుంటుంది. ఘాటీ ఎక్కేటప్పుడు ఇంజను టకటకమని కొట్టుకుంటుంది. పిస్టన్లు దెబ్బతింటాయి. పెట్రోల్లో కిరసనాయిలు కలిపినా ఇలాగే కొట్టుకుంటుంది.

"ఇంజను పోయింది" అంటే?

కంప్రెషన్ రేషియో వేరు, కంప్రెషన్ వేరు. రేషియో అనేది చోటు లెక్క. ఇంజను అరిగినా అది పెద్దగా మారదు. కంప్రెషన్ అనేది నిజంగా లోపల పుట్టే ఒత్తిడి. అరిగితే, కారితే అది తగ్గుతుంది. జంతికల గొట్టం అదే అయినా, కడ్డీ వదులైతే పిండి పక్కలనుంచి పైకి వస్తుంది కదా, అలాగ.

తమ్ముడు మీటరు పెట్టి ఒత్తిడి చూశాడు. మూడు సిలిండర్లలో 90, 85, 90 వచ్చింది. నాలుగోదాంట్లో 40 వచ్చింది.

"చూశావా, పోయిందన్నమాట నిజమే" అంది అత్త దిగులుగా.

"ఉండు పిన్నీ" అని అతను నాలుగో సిలిండరులో చెంచాడు నూనె పోసి మళ్ళీ చూశాడు. నూనె పోసినప్పుడు ఒత్తిడి పెరిగితే రింగులు అరిగాయని అర్థం. నూనె ఆ సందుని కొంచెంసేపు మూస్తుంది. పెరగకపోతే లోపం వాల్వుల దగ్గర గానీ, హెడ్డు కింది గ్యాస్‌కెట్టు దగ్గర గానీ ఉంటుంది.

ఒత్తిడి పెరగలేదు. పక్కనున్న మూత విప్పి చూస్తే ఒక వాల్వు తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. ఒక తలుపు మూసుకోవడం లేదు, అంతే. అది బాగుచేయగల లోపం.

నంబరు చదవడం

ప్రతి ఇంజను మీదా నంబరు చెక్కి ఉంటుంది. ఈ రకం జీపుల్లో అది సిలిండరు బ్లాకు ముందువైపు పైభాగాన ఉంటుంది. చాసిస్ నంబరు వేరే ఉంటుంది. ఆ రెండు నంబర్లూ ఆర్సీ పుస్తకంలో రాసి ఉంటాయి. రెండు చోట్లా ఒక్కటే ఉండాలి.

కోడలు ట్రంకుపెట్టెలోంచి ఆర్సీ పుస్తకం తీసింది. ఇంజను మీద చూస్తే ఒక అంకె తేడాగా కనిపించింది. పుస్తకంలో 8 ఉంది. ఇంజను మీద 3లా ఉంది. ఆమె గుండె జారింది. అంకె తేడా వస్తే ఇంజను మార్చారని అర్థం. అలా మార్చాలంటే ముందుగా రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఆ సంగతే చెప్తుంది.

తమ్ముడు నంబరు మీద తడిగుడ్డతో రుద్ది ఆరబెట్టాడు. పల్చటి కాగితం దాని మీద పెట్టాడు. "పెన్సిలు అడ్డంగా పెట్టి రుద్దు అక్కా" అన్నాడు. రవాణా ఆఫీసు పనికి చాసిస్ నంబరు అచ్చు ఇలాగే తీస్తారు. కోడలు మెల్లగా రుద్దింది. కాగితం నల్లబడింది. అంకెలు తెల్లగా తేలాయి.

అది 8. మురికి పట్టి సగం పూడింది.

ఇంగ్లీషు అక్షరాలు రాకపోయినా ఈ పని ఎవరైనా చేయొచ్చు. కాగితం మీది రూపాన్ని పుస్తకంలోని రూపం పక్కన పెట్టి ఒక్కొక్కటే పోల్చుకుంటే చాలు. నంబరు అరగదీసిన ఇంజను, మళ్ళీ కొట్టినట్టు కనిపించే ఇంజను ఎంత చవకగా వచ్చినా కొనకూడదు. అది దొంగసొత్తు కావచ్చు.

కాగితాలు కూడా ఇంజనంత ముఖ్యం

ఆర్సీ మామగారి పేరున ఉంది. బండి యజమాని చనిపోతే వారసులు 30 రోజుల్లోగా రవాణా ఆఫీసుకి తెలపాలి. మూడు నెలల్లోగా తమ పేరుకి మార్చమని ఫారం 31 మీద దరఖాస్తు పెట్టాలి. మరణ ధ్రువపత్రం కావాలి. ఆలస్యమైతే అపరాధ రుసుము పడవచ్చు. చాలా ఇళ్ళలో భర్త పోయాక ఈ పని జరగదు. తరవాత బండి అమ్మాలన్నా, ఉంచుకోవాలన్నా ఆడవాళ్ళ చేతిలో హక్కు కాగితం ఉండదు.

సొంత బండికి ఆర్సీ 15 ఏళ్ళు చెల్లుతుంది. తరవాత ఐదేసి ఏళ్ళకు కొత్తది చేయించుకోవాలి. అలా చేయించని బండిని రోడ్డు మీద నడపకూడదు.

మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్ళు దాటిన బళ్ళకు 2021లో కేంద్ర ప్రభుత్వం వేరే నియమాలు తెచ్చింది. వాటిని వింటేజ్ వాహనాలు అంటారు. చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా మొదటి రూపంలో ఉండాలి. అందుకే అసలు ఇంజనుకి విలువ. అలాంటి బండి నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. అయితే దాన్ని అద్దెకి తిప్పకూడదు. రోజూ రోడ్డు మీద నడపకూడదు. ప్రదర్శనలు, పాత బళ్ళ ర్యాలీలు, రిపేరు, పెట్రోలు లాంటి పనులకే బయటికి తీయాలి.

పాత ఇనుము కిందే అమ్మాలనుకున్నా జాగ్రత్త కావాలి. ఊరికే తూచి ఇచ్చేస్తే ఆర్సీ పాత యజమాని పేరునే ఉండిపోతుంది. ఆ నంబరుతో ఎవరైనా తప్పు పని చేస్తే పోలీసులు ఆ ఇంటికే వస్తారు. ప్రభుత్వం గుర్తింపు ఉన్న తుక్కు కేంద్రానికి ఇచ్చి ధ్రువపత్రం తీసుకోవాలి. ఆర్సీ రద్దు చేయించుకోవాలి.

మళ్ళీ వారం ఆ మనిషి తూకం కాటాతో సహా వచ్చాడు. అత్త అరుగు మీద కూర్చుని ఉంది.

"ఏటి బాబూ, ఇంజను పోయిందన్నావు. నాలుగో సిలిండరులో ఒక వాల్వు బిగిసింది, అంతే. ఆరున్నరకి ఒకటి లెక్క. నంబరు పుస్తకంతో కలిసింది" అంది.

ఆ మనిషి కోడలి వైపు చూశాడు. కోడలు నోటు పుస్తకం మూసింది.

"ముందు బండి మా అత్త పేరున మారాలి. దానికింకా గడువు ఉంది. అమ్మాలా వద్దా అన్నది ఆ తరవాత చూస్తాం" అంది.

గుర్తుంచుకోవలసినవి

1. పాత బండిని అమ్మే ముందు అందులో ఉన్న ఇంజను ఏదో తెలుసుకోవాలి.
2. ప్లగ్గులుంటే పెట్రోలు. పంపు, సన్నని ఇనప గొట్టాలు ఉంటే డీజిలు.
3. పిస్టను ఊడ్చే చోటుకి పైన మిగిలే చోటు కలపాలి. వచ్చినదాన్ని పైన మిగిలే చోటుతో భాగించాలి. అదే కంప్రెషన్ రేషియో.
4. ఒత్తిడి తగ్గినంత మాత్రాన ఇంజను పోయినట్టు కాదు. ఎక్కడ కారుతోందో చూడాలి.
5. ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఆర్సీతో ఒక్కొక్క అంకె పోల్చుకోవాలి.
6. యజమాని చనిపోతే 30 రోజుల్లో తెలపాలి. మూడు నెలల్లో పేరు మార్పుకి దరఖాస్తు పెట్టాలి.

మీ ఇంట్లో బండి గానీ, నీటి ఇంజను గానీ ఉందా? దాని మీద నంబరు ఎక్కడుందో వెతకండి. పెన్సిలుతో అచ్చు తీయండి. ఇంట్లో ఉన్న కాగితంతో పోల్చి చూడండి.